కొత్త ల్యాప్‌టాప్ ఛార్జి ఆగుతలేదన్న చెల్లెకు

షార్జా,
ఏప్రిల్ 19

చెల్లే,

నీ మెసేజ్ చదివిన. యాసంగి వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్ల పోసిన్రని అమ్మ చెప్పింది. వాన పడకముందే కాంటా అయితే సగం రంది తీరుతది. నాయినను మిట్టమధ్యాహ్నం ఎండల వడ్ల కాడ కూసోవద్దని నా మాటగ చెప్పు. పొద్దుగాల ఒకసారి, పొద్దుమీకి ఒకసారి పోతే చాలు.

ఇగ నీ ల్యాప్‌టాప్ సంగతి. పది గంటలు వస్తదని కొంటే మూడు గంటలకే అయిపోతున్నది, బ్యాటరీనే ఖరాబుది ఇచ్చిన్రు అంటున్నవ్. కావచ్చు, కాకపోవచ్చు. కొలవకుంట ఆ మాట అనొద్దు. ఫోన్‌ల చెప్తే సగం యాదికుండదు, అందుకే రాస్తున్న. దీన్ని పక్కన పెట్టుకొని ఒక్కొక్కటి చేసుకుంట పో.

మిద్దె మీది నీళ్ల ట్యాంకు తొందరగ ఖాళీ అయితే రెండు చూస్తం కదా: ట్యాంకు అసలు నిండుతున్నదా, కింద నల్లా ఏదన్న తిప్పి ఉన్నదా? ఇదీ అంతే. బ్యాటరీల ఎంత పడుతదో వాట్-అవర్లల్ల చెప్తరు. ఎంత జోరుగ ఖర్చయితదో వాట్లల్ల చెప్తరు. నీది 50 వాట్-అవర్ల బ్యాటరీ అనుకో. ల్యాప్‌టాప్ 5 వాట్లు తాగితే 10 గంటలు వస్తది, 16 వాట్లు తాగితే 3 గంటలు వస్తది. రెండు సార్లూ బ్యాటరీ అదే. కంపెనీలు చెప్పే గంటలు సాధారణంగ బ్రైట్‌నెస్ బాగ తగ్గించి ఒక్క వీడియోనే నడిపించి కొలిచినవి. నువ్వేమో ముప్పై ట్యాబులు తెరిచి, హాట్‌స్పాట్ మీద క్లాసు వింటవ్. ఆ పది గంటలతోని నీ మూడు గంటలను పోల్చకు.

ముందు ట్యాంకు చూద్దం. స్టార్ట్ నొక్కి సీఎండీ అని మూడు అక్షరాలు కొట్టు, కమాండ్ ప్రాంప్ట్ వస్తది. తెరిచి ఇంగ్లిషుల 'పవర్' అని రాసి, దానికి ఆనిచ్చే సీ, ఎఫ్, జీ అక్షరాలు కొట్టు. ఒక స్పేస్ ఇచ్చి ముందుకు వాలిన స్లాష్ పెట్టి, 'బ్యాటరీరిపోర్ట్' అని నడుమ ఖాళీ లేకుంట రాసి ఎంటర్ నొక్కు. రిపోర్ట్ ఫైలు ఎక్కడ పడ్డదో కింద లైన్లనే చూపిస్తది. అది బ్రౌజర్‌ల తెరుచుకుంటది.

దాంట్ల 'ఇన్‌స్టాల్డ్ బ్యాటరీస్' అన్న కాడ రెండు అంకెలుంటయ్. డిజైన్ కెపాసిటీ అంటే తయారైనప్పుడు పట్టాల్సింది, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు నిజంగ పడుతున్నది. రెండూ మిల్లీవాట్-అవర్లల్ల ఉంటయ్, 50,000 అంటే 50 వాట్-అవర్లు. రెండో దాన్ని మొదటి దాంతోని భాగించి వందతోని గుణించు. కొత్తదానికి 95 పైన రావాలె. ఒక్కోసారి వందకు కొంచెం ఎక్కువే రావచ్చు, అది తప్పు కాదు. 90 దగ్గరుంటే డబ్బా షాపుల చాన్నాళ్లు పడి ఉన్నదేమో చూడు. అట్టపెట్టె మీద తయారైన లేదా దిగుమతైన నెల, ఏడాది ముద్రించి ఉంటది. 80 దగ్గరకు వస్తే మాత్రం తప్పు బ్యాటరీదే, దాని సంగతి చివర్ల రాస్తున్న. సైకిల్ కౌంట్ అని ఇంకో అంకె ఉంటది, బ్యాటరీ మొత్తం ఎన్నిసార్లు ఖర్చయి నిండిందో ఆ లెక్క. కొత్తదాంట్ల అది సున్నా నుంచి పది లోపు ఉండాలె. యాభై, వంద అని కనబడితే అది ఎవరో వాడిన యంత్రం. కొన్ని కంపెనీలవి ఈ అంకె అసలు చూపియ్యవు, గీత మాత్రమే ఉంటది, దానికి గాబరా పడకు.

ఇప్పుడు నల్లా. అదే రిపోర్ట్‌ల కిందికి వస్తే 'బ్యాటరీ యూసేజ్' అన్న పట్టిక కనబడుతది. ఎంతసేపు వాడినవో, ఆ సేపట్ల ఎన్ని మిల్లీవాట్-అవర్లు పోయినయో ఒక్కొక్క లైన్ల ఉంటది. గంటన్నరల 24,000 పోయినయనుకో, గంటకు 16,000, అంటే 16 వాట్లు. పల్చటి ల్యాప్‌టాప్ మీద సగం బ్రైట్‌నెస్ పెట్టి నోట్సు రాసుకుంటే 6 నుంచి 9 వాట్లు మామూలు. 15 దాటితే ఎక్కడనో నల్లా తిప్పి ఉన్నట్టే. ఈ ఒక్క లెక్క చేస్తే సగం అనుమానాలు పోతయ్. రిపోర్ట్ అడుగున మిషినే వేసిన గంటల అంచనా ఉంటది గాని, కొన్నది మొన్ననే కదా, నాలుగు రోజుల వాడకం మీద వేసిన ఆ అంచనాను నమ్మకు.

కొన్నప్పటి సంది ఎన్ని రోజులైందన్నది కూడ ముఖ్యమే. మొదటి మూడు నాలుగు రోజులు విండోస్ తెర వెనుక అప్‌డేట్లు దించుకుంటది, నీ ఫైళ్లన్నిటికీ వెతుకుడు పట్టిక కట్టుకుంటది. వన్‌డ్రైవ్ నీ డెస్క్‌టాప్‌ను, డాక్యుమెంట్లను మొత్తం నెట్ మీదికి ఎక్కిస్తది. ఆ దినాలల్ల కొలిస్తే తప్పుడు లెక్కనే వస్తది. ఒక రాత్రి ఛార్జర్ పెట్టి, నెట్ ఇచ్చి, స్లీప్‌ల పడకుంట వదిలెయ్యి. పొద్దుగాల అప్‌డేట్లు అయినయా చూసి రీస్టార్ట్ చెయ్యి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. షట్‌డౌన్ చేస్తే ఫాస్ట్ స్టార్టప్ వల్ల లోపలి భాగం పూర్తిగ ఆగి మళ్ల మొదలుకాదు.

తర్వాత ఏ పనీ చెయ్యకుంట ఐదు నిమిషాలు ఆగి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ల సీపీయూ రెండు నుంచి ఐదు శాతం మధ్యల ఉండాలె. ఊరికెనే ఇరవై చూపిస్తే ఆ కాలమ్ మీద నొక్కు, ఎక్కువ తినేది పైకి వస్తది. కొత్త మిషిన్లల్ల చాలాసార్లు అక్కడ కనబడేది ముందే వేసిచ్చిన యాంటీవైరస్ ట్రయల్. దాన్ని తీసెయ్యి. విండోస్‌ల ఉన్న డిఫెండర్ నీకు చాలు. వన్‌డ్రైవ్ పైన ఉంటే కింద మబ్బు బొమ్మ మీద నొక్కి 24 గంటలు ఆపు.

సెట్టింగ్స్‌ల సిస్టమ్, దాంట్ల పవర్ అండ్ బ్యాటరీకి పో. ఏ యాప్ ఎంత శాతం తిన్నదో అక్కడ కనబడుతది. 'ఇన్ యూజ్' వేరేగ, 'బ్యాక్‌గ్రౌండ్' వేరేగ చూడు. నువ్వు తెరవని యాప్ బ్యాక్‌గ్రౌండ్‌ల తింటుంటే అదే దొంగ. పవర్ మోడ్‌ను బ్యాటరీ మీద ఉన్నప్పుడు 'బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ' పెట్టు. నీ చదువుకు వేగం తగ్గినట్టే అనిపియ్యదు.

స్క్రీన్ పెద్ద తిండిపోతు. బ్రైట్‌నెస్ వంద నుంచి నలభై, యాభైకి దించితే రెండు మూడు వాట్లు మిగులుతయ్. గది లోపల అంతకన్న ఎక్కువ అక్కరలేదు కూడ. డిస్‌ప్లేల అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకు పోయి రిఫ్రెష్ రేట్ చూడు, అంటే స్క్రీన్ సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తదో. 144 గాని 165 గాని ఉంటే 60 పెట్టు. గేమ్‌లకు తప్ప నీ పీడీఎఫ్‌లకు అంత జోరు ఎందుకు? డార్క్ మోడ్ పెడితే ఛార్జి ఆగుతదని నీ దోస్తులు చెప్పింది ఓలెడ్ స్క్రీన్‌కే నిజం. మామూలు ఎల్‌సీడీకి వెనుక లైటు నల్లటి బొమ్మకైనా తెల్లటి బొమ్మకైనా అంతే వెలుగుతది.

నువ్వు కొన్న దాంట్ల ఎన్విడియా గ్రాఫిక్స్ వేరేగ ఉన్నదన్నవ్. నాకు అసలు అనుమానం దాని మీదనే. ఇసొంటి మిషిన్ల రెండు గ్రాఫిక్స్ చిప్పులుంటయ్. ప్రాసెసర్‌ల ఉండే చిన్నది మామూలు పనులన్నీ చూసుకుంటది. పెద్దది గేమ్ ఆడేటప్పుడే లేవాలె, తక్కిన టైంల పూర్తిగ పండుకోవాలె. అది మేలుకొని ఊరికెనే ఉన్నా ఏడెనిమిది వాట్ల దాకా తాగుతది, అంటే నీ చదువుకు పట్టేంత కరెంటు ఇంకోసారి. టాస్క్ మేనేజర్ల పర్ఫార్మెన్స్ కాడ జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు కనబడుతయ్. ఎన్విడియా పేరున్నది కదలకుంట ఉన్నదా చూడు. కదులుతుంటే మూడు కారణాలుంటయ్. ల్యాప్‌టాప్ కంపెనీ యాప్‌ల గ్రాఫిక్స్ మోడ్ పెద్ద చిప్పు ఒక్కటే నడవాలని పెట్టి ఉండొచ్చు, దాన్ని హైబ్రిడ్‌కు మార్చి రీస్టార్ట్ చెయ్యి. ఏదో ఒక యాప్ దాన్ని పట్టుకొని ఉండొచ్చు. డిస్‌ప్లే కిందనే గ్రాఫిక్స్ పేజీల ఆ యాప్‌ను పట్టి 'పవర్ సేవింగ్' ఎంచు. లేదంటే హెచ్‌డీఎంఐ వైరు పెట్టి ఉన్నవ్. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లల్ల ఆ రంధ్రం నేరుగ పెద్ద చిప్పుకే కలిపి ఉంటది, మానిటర్ తగిలించినంత సేపు అది పండుకోదు.

బ్రౌజర్ల ఎడ్జ్‌కైనా క్రోమ్‌కైనా ఎనర్జీ సేవర్ లెక్క ఒక సెట్టింగ్ ఉంటది, ఆన్ చెయ్యి. వాడని ట్యాబులు మూసెయ్యి.

మూత మూసి పెట్టినా పొద్దుటికల్ల ఇరవై శాతం దిగుతున్నది అన్నవ్ కదా, అది వేరే రోగం. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు మూత వేస్తే ఫోన్ లెక్క సగం నిద్రల ఉంటయ్. మెయిళ్లు, అప్‌డేట్లు చూసుకుంటనే ఉంటయ్. ఎనిమిది గంటల రాత్రిల ఐదారు శాతం దిగితే సరే, ఇరవై అంటే దాన్ని ఏదో నిద్ర లేపుతున్నది. కమాండ్ ప్రాంప్ట్‌ను ఈసారి కుడి నొక్కు నొక్కి అడ్మినిస్ట్రేటర్‌గ తెరువు. ఇంతకుముందు రాసిన ఆదేశంల బ్యాటరీరిపోర్ట్ బదులు 'స్లీప్‌స్టడీ' అని పెట్టు. నిద్రల ఏది ఎంతసేపు లేపి ఉంచిందో పేరుతోని సహా వస్తది.

అది వెతికే ఓపిక లేకుంటే ఇంకో తొవ్వ ఉన్నది. కంట్రోల్ ప్యానెల్‌ల పవర్ ఆప్షన్స్‌కు పో. ఎడమ దిక్కు మూత మూస్తే ఏం కావాలనే లైను ఉంటది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు హైబర్నేట్ అని పెట్టు. పవర్ మెనూల కూడ హైబర్నేట్ కనబడాలంటే పైన 'ఇప్పుడు మార్చరాని సెట్టింగులు మార్చు' అన్న అర్థం వచ్చే లైను నొక్కితే కింద గడి తెరుచుకుంటది, దాంట్ల టిక్కు పెట్టి సేవ్ చెయ్యి. హైబర్నేట్‌ల ర్యామ్‌ల ఉన్నదంతా డిస్కు మీద రాసి మిషిన్ ఆగిపోతది, ఛార్జి దాదాపు దిగదు. తెరిచినప్పుడు కొన్ని సెకన్లు ఎక్కువ పడుతది, గంతే. బస్సుల హాలియా నుంచి నల్లగొండకు పోయేటప్పుడు బ్యాగుల వేసేముందు ఇది తప్పకుంట చెయ్యి. సగం నిద్రల ఉన్న ల్యాప్‌టాప్ బ్యాగుల లేస్తే గాలాడక ఉడికిపోతది, బ్యాటరీకి అంతకన్న పెద్ద హాని లేదు.

వేడి గురించి గట్టిగ చెప్తున్న, ఎందుకంటే మన నల్లగొండ ఎండలు నీకు తెల్వనియి కావు. లిథియం బ్యాటరీ రెండిటికి తొందరగ ముసలిదైతది, వేడికి, ఎప్పుడూ వంద శాతం నిండి ఉండుటకు. రెండూ కలిస్తే ఇంకా తొందరగ. బ్యాటరీ వేడి 45 డిగ్రీల దగ్గరికి వస్తే చాలా మిషిన్లు ఛార్జింగ్ తగ్గిస్తయ్ లేదా ఆపేస్తయ్. మే నెలల బయట 44 ఉన్నప్పుడు రేకుల గదిల 70 కాడ ఛార్జి ఆగితే చెడిపోయిందనుకోకు, చల్లబడ్డంక అదే ఎక్కుతది. పరుపు మీద, ఒడిల పెట్టి వాడకు, కింది గాలి రంధ్రాలు మూసుకపోతయ్. బల్ల మీద పెట్టి వెనుక దిక్కు ఒక పుస్తకం మందం ఎత్తు పెట్టు. ఫ్రిజ్‌ల పెట్టి చల్లబరుచుడు అసలే చెయ్యకు, లోపల చెమ్మ పడుతది.

హాస్టల్ల రోజంతా వైరు పెట్టే వాడేటట్టయితే కంపెనీ యాప్‌ల ఛార్జింగ్‌ను 80 శాతం కాడ ఆపే సెట్టింగ్ పెట్టు. లెనోవోల కన్జర్వేషన్ మోడ్ అంటరు, తక్కినవాటిల పేర్లు వేరే. ఇది ముందే ఆన్ ఉన్నదేమో కూడ చూడు, వంద ఎక్కుతలేదని మంది అనవసరంగ సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తేది దీని వల్లనే. ఇంటికి వచ్చేటప్పుడు, పరీక్షల ముందు తీసేసి నింపుకో. కరెంటు పోయే దినాలు నీకే తెలుస్తయ్.

కొత్తది కదా, మొదలు ఎనిమిది గంటలు ఛార్జి పెట్టాలన్న మాట పాత నికెల్ బ్యాటరీల కాలంది, దీనికి వర్తించదు. ఫోన్ ఛార్జర్ టైప్-సీ అని తగిలిస్తున్నవా? నీ ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద 65 వాట్లని ఉంటే ఫోన్‌ది దాంతోని సరిపోదు. చాలా ఫోన్ ఛార్జర్లు వాటి ఫోన్‌కే జోరుగ ఇస్తయ్, ల్యాప్‌టాప్‌కు పదిహేనో ఇరవయ్యో వాట్లు ఇచ్చి ఊరుకుంటయ్. వైరు పెట్టి ఉన్నా శాతం దిగుతున్నదంటే కారణం అదే.

శాతం 30 కాడ నుంచి ఒక్కసారి 5కు దూకితే లెక్క చెప్పే గేజ్ తప్పింది, బ్యాటరీ కాకపోవచ్చు. వందకు నింపు, ఆగిపోయేదాక వాడు, మళ్ల నడుమ తియ్యకుంట వందకు నింపు. ఒక్కసారే చెయ్యి, వారం వారం చేస్తే బ్యాటరీకే నష్టం. బయోస్ (మిషిన్‌ను మొదలుపెట్టే లోపలి సాఫ్ట్‌వేర్), చిప్‌సెట్, గ్రాఫిక్స్ డ్రైవర్లు ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచే, నీ మోడల్ నంబర్ కొట్టి తీసుకో. బయోస్ వేసేటప్పుడు ఛార్జర్ పెట్టి ఉండాలె.

ఇన్ని చేసినా వాట్లు 8 లోపే ఉండి గంటలు రాకపోతే, లేదా ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 80 శాతం దగ్గరకు వస్తే, అప్పుడు అడగాల్సిందే. రిపోర్ట్‌ను ప్రింటు తీసి, బిల్లుతోని సర్వీస్ సెంటర్‌కు పో. మాటతోని ఒప్పుకొని రాకు, జాబ్ షీట్ నంబర్ తీసుకో. వారంటీ కాగితంల బ్యాటరీకి వేరే గడువు రాసి ఉంటదేమో ముందే చదువు, చాలా వాటికి బ్యాటరీ గడువు ఒక్క ఏడాదే. వాళ్లు తిప్పుతుంటే 1915కు ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా కాకపోతే నల్లగొండల జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. వారంటీ ఉన్నన్ని రోజులు బయట షాపుల మూత విప్పించకు. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు కనబడితే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టు. అదే నిమిషం ఆపి, ఛార్జర్ తీసి, నొక్కకుంట సర్వీస్ సెంటర్‌కు తీసుకపో. ఉబ్బిన బ్యాటరీ అంటుకుంటది.

ఆదివారం లోపల నాకు నాలుగు అంకెలు పంపు: డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ, గంటకు పోతున్న వాట్లు, రాత్రి మూత వేస్తే దిగిన శాతం. ఎన్విడియా చిప్పు పండుకున్నదా లేదా అన్నది కూడ రాయి.

అమ్మకు మోకాళ్ల మందు అయిపోవచ్చిందేమో చూసి చెప్పు.

మీ అన్న