2024-25 వార్షిక నివేదిక: ఈసారి ఎక్కువ కథ అద్దానిదే

సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడాదీ మన అపార్ట్‌మెంట్ నివేదిక సంపుతో మొదలై లిఫ్ట్‌తో ముగుస్తుంది, మధ్యలో పార్కింగ్ గొడవ ఒకటి ఉంటుంది. చదివేవాళ్లు చదువుతారు, మిగతావాళ్లు జనరల్ బాడీలో సమోసాలు అయిపోయాక "అది రాయలేదేంటండీ" అని అడుగుతారు. అందుకే ఈసారి మామూలు విషయాలు ముందే గబగబా చెప్పేసి, మిగతా చోటంతా కమ్యూనిటీ హాల్లో పెట్టిన నిలువుటద్దానికి ఇచ్చేస్తున్నాం. ఈ ఏడాది ఎక్కువ మంది చెయ్యి వేసిన పని అదే, కమిటీని ఎక్కువ మంది నిలదీసిందీ దాని మీదే.

ఎండాకాలానికి ముందు సంపు, పైన ట్యాంకులు కడిగించాం. ఇంకుడు గుంతలో పేరుకున్న మట్టి తీయించి కంకర మార్పించాం. లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) రెన్యూ అయింది. వినాయక చవితికి ఎప్పట్లాగే మట్టి విగ్రహం. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వమని మళ్లీ కోరుతున్నాం, పోయినేడాది నివేదికలోనూ ఈ వాక్యమే ఉంది, వచ్చే ఏడాది దీన్ని తీసేసే అవకాశం మీ చేతుల్లో ఉంది. జీహెచ్ఎంసీ ఆస్తి పన్ను ఏప్రిల్‌లో ఎర్లీ బర్డ్ కింద కట్టినవాళ్లకు ఆ ఏడాది పన్నులో 5 శాతం తగ్గింది, కట్టనివాళ్లకు తగ్గలేదు. జమాఖర్చులు బిల్లులతో సహా ట్రెజరర్ గారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా ఎప్పుడైనా చూసుకోవచ్చు.

ఇక అద్దం సంగతి.

హాల్లో పొద్దున యోగా, సాయంత్రం పిల్లలకు కూచిపూడి క్లాసు జరుగుతున్నాయి కదా. అరమండి, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ, సరిగ్గా వచ్చిందో లేదో పిల్లలకు తామే చూసుకునే వీలుండాలని డాన్స్ టీచర్ గారు అడిగారు, న్యాయమైన కోరికే. రెడీమేడ్‌గా ఇత్తడి ఫ్రేముతో వచ్చే నిలువుటద్దాల రేట్లు కనుక్కున్నాం. విన్నాక కమిటీలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చెక్కతో మనమే ఫ్రేము చేసుకుని, దానికి లోహంలా కనపడే రంగు వేద్దామన్న ఆలోచన రెండో అంతస్తు అక్కయ్యది, ఆవిడ ఇంట్లో ఫొటో ఫ్రేములకు ఇలా వేసిన అనుభవం ఉంది.

మొదటి వాదన సైజు మీద వచ్చింది. మన రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ గారు, మనిషి నిండుగా కనపడటానికి అద్దం అతని ఎత్తులో సగం ఉంటే చాలు, ఆరడుగులది దండగ అన్నారు. లెక్క ప్రకారం కరెక్టే. కానీ ఆ సగం అద్దం ఆ ఒక్క మనిషి కంటి ఎత్తుకు సరిపడా చోట ఉండాలి, మనకేమో యూకేజీ పిల్లల నుంచి ఆరడుగుల యోగా సార్ దాకా అందరూ ఒకే అద్దం చూడాలి, పైగా అరమండిలో కూర్చుంటే కన్ను ఇంకా కిందికి దిగుతుంది. చివరికి 6 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు అని తేల్చాం. సార్ గారు ఇప్పటికీ ఒప్పుకోలేదు, అది కూడా మినిట్స్‌లో రాశాం.

గ్లాసు 5 ఎంఎం. 4 ఎంఎం ఈ సైజుకి కొంచెం వంగి, దూరం నుంచి మొహాలు సాగినట్టు కనపడే ప్రమాదం ఉంది. ఒక షాపువాళ్లు 5 అని బిల్లు రాసి 4 పంపారు, మన మెకానికల్ ఇంజనీర్ గారు వెర్నియర్ పెట్టి కొలిచి ఆటోలోంచి దించకుండానే వెనక్కి పంపించేశారు. మీ ఇంటికి అద్దం కొనేటప్పుడు కూడా మందం కొలిచి తీసుకోండి, కంటికి తేడా తెలీదు. అంచులు గ్రైండ్ చేయించి తీసుకోవడం తప్పనిసరి. మన సైజుకి గ్లాసు ఒక్కటే దాదాపు 21 కిలోలు వచ్చింది. వెనక 12 ఎంఎం ప్లైవుడ్, చుట్టూ పైన్‌వుడ్ పట్టీలు కలిస్తే మొత్తం 40 కిలోలు దాటింది. ఈ బరువు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

కార్పెంటర్ పని మాత్రం కూలి ఇచ్చి చేయించాం. పట్టీల మూలలు 45 డిగ్రీలకు కోసి, ఫెవికాల్ పెట్టి, వెనక నుంచి స్క్రూలు వేశాడు. గ్లాసు కూర్చునే గాడిలో అద్దానికీ చెక్కకీ మధ్య కొంచెం ఖాళీ వదిలించాం, వానాకాలం చెక్క ఉబ్బినా గ్లాసు మీద ఒత్తిడి పడకూడదు కదా.

రంగు ఎలా ఉండాలన్న దగ్గర మూడు పార్టీలయ్యాయి. కుర్రాళ్లు తుప్పు పట్టిన ఇనుములా కావాలన్నారు, పెద్దవాళ్లు శుభమా అని పెట్టే అద్దానికి తుప్పేంటి అన్నారు. ఇంకొంతమంది బిద్రీ లుక్ అన్నారు, నల్లటి ఫ్రేము మీద వెండి గీతలు. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లాం. అక్కడ బిద్రీ పాత్రలు దగ్గరగా చూశాక ఆ ఆలోచన మానుకున్నాం. జింకు, రాగి కలిపి పోత పోసి, వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టితో నలుపు తెప్పించే పని అది, దాన్ని సిల్వర్ పెన్నుతో గీసి బిద్రీ అనడం నా ఉద్దేశంలో ఆ పనివాళ్లను వెక్కిరించడమే. పిల్లలకు మాత్రం అక్కడ బాగా నచ్చింది మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా జంట శిల్పం. ఒకే చెక్కలో ముందు అతను, వెనక ఆమె, ఆమెను చూడాలంటే వెనకున్న అద్దంలోనే చూడాలి. ఆ అద్దం ముందు నుంచి పిల్లల్ని కదపడానికే చాలా టైం పట్టింది.

చివరికి పాత ఇత్తడి రంగు గెలిచింది. ఐదో అంతస్తు అమ్మమ్మ గారు తన పెళ్లినాటి ఇత్తడి బిందె తెచ్చి హాల్లో పెట్టారు, "దీన్ని చూసి వెయ్యండి, డబ్బా మీద బొమ్మ చూసి కాదు" అని. ఆ బిందె నిజంగా పని నేర్పింది. చేతులు తగిలే మూతి అంచు మెరుస్తోంది, మెడ కింద చింతపండు అందని మడతలో మాత్రం నలుపు, ఆ నలుపు పక్కనే సన్నగా పచ్చటి చిలుము. అంటే లోహంలా కనపడాలంటే మెరుపు ఒక్కటే పెడితే చాలదు, ఎక్కడ మెరవకూడదో అక్కడ నలుపు కూడా ఉండాలి. ఫ్రేమంతా సమానంగా గోల్డ్ కొట్టేస్తే పెళ్లి మండపం డెకరేషన్‌లా ఉంటుంది.

పద్ధతి అడిగినవాళ్ల కోసం రాస్తున్నాను. ముందు వుడ్ ప్రైమర్, తర్వాత లప్పం. ఇక్కడ తొందరపడకూడదు, చెక్క గీతలు కొంచెం కనపడినా ఎంత మంచి రంగు వేసినా అది చెక్కే. లప్పం ఆరాక 120 నంబర్ సాండ్ పేపర్‌తో మొదలుపెట్టి 220, 320 దాకా రుద్దాం, వేలితో తడిమితే ఎక్కడా గరుకు తగలనంత వరకు. వానాకాలంలో లప్పం ఎంతకీ ఆరక పని ఆపేసి, సెప్టెంబర్‌లో ఎండ వచ్చాక మళ్లీ మొదలుపెట్టాం. మూలల దగ్గర రివెట్లలా కనపడాలని సోఫాలకు కొట్టే గుండు మేకులు కొట్టాం. ఎవరో శనగపప్పు అంటించి రంగేస్తే అచ్చం రివెట్లా ఉంటుందన్నారు, ఉంటుంది, బొద్దింకలు వచ్చేదాకా.

దాని మీద మెరుపు లేని నలుపు రెండు కోట్లు. పూర్తిగా ఆరాక ఇత్తడి రంగు యాక్రిలిక్ మెటాలిక్. బ్రష్షుని రంగులో ముంచి, ఆ రంగంతా పాత పేపర్ మీద తుడిచేసి, ఇంక బ్రష్షులో ఏమీ లేదనిపించాక ఫ్రేము మీద తేలిగ్గా ఈడ్చాలి. అప్పుడు ఎత్తుగా ఉన్న చోటే రంగు అంటుతుంది, పల్లంలో నలుపు అలాగే ఉండిపోతుంది. ఒకే దిక్కుకి ఈడ్చండి, అటూ ఇటూ ఈడిస్తే మెటాలిక్ రంగులో బ్రష్షు గీతలు కొట్టొచ్చినట్టు కనపడతాయి. అంచుల మీద, రివెట్ల నెత్తి మీద ఇంకోసారి వేశాం. నెమలి ఆకుపచ్చలో బాగా నీళ్లు కలిపి మడతల్లో పెట్టి వెంటనే గుడ్డతో తుడిచేశాం, అదే చిలుము. అంచుల పని పిల్లలు పెద్దవాళ్లకంటే బాగా చేశారు, వాళ్లకి ఆపడం తెలిసింది. సన్నగా గోల్డ్ పౌడర్ కలిపి వేసే చవక రంగు తీసుకోలేదు, అందులో ఉండేది ఎక్కువగా రాగి, జింకు పొడి, గాలికి కొన్నాళ్లకు నల్లబడుతుంది. పైన మ్యాట్ పీయూ క్లియర్ కోటు, అంటే రంగును కాపాడే, మెరుపు లేని పారదర్శకమైన పూత. గ్లాసీ వేస్తే ఇత్తడి కాస్తా ప్లాస్టిక్ అయ్యేది.

హాల్లోకి వచ్చినవాళ్లందరూ రంగునే మెచ్చుకుంటున్నారు, సంతోషం. కానీ కమిటీ డబ్బూ టైమూ ఎక్కువ పెట్టింది మీకు కనపడని వెనక వైపు. ఖర్చు ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది.

అద్దం వెనక సన్నని వెండి పూత, దాని మీద రక్షణ రంగు ఉంటాయి. మామూలు సిలికాన్, అదే వెనిగర్ వాసన వచ్చేది, వాడితే అందులోని యాసిడ్ ఆ పూతను తినేసి కొన్నాళ్లకు నల్ల మచ్చలు వస్తాయి. మీ బాత్రూం అద్దాల అంచులు నల్లబడటానికి తేమతో పాటు ఇదీ ఒక కారణం కావచ్చు. మనం న్యూట్రల్ సిలికాన్ వాడాం, రేటు ఎక్కువే. దాన్ని చుట్టూ గుండ్రంగా కాకుండా నిలువు గీతలుగా పెట్టాలి, ఎందుకంటే సిలికాన్ గాలిలో తేమతోనే గట్టిపడుతుంది, గాలి ఆడకపోతే లోపల మెత్తగానే ఉండిపోతుంది. దానికి ముందే గ్లాసు వెనక సేఫ్టీ ఫిల్మ్ వేయించాం, ఖర్మ కాలి పగిలినా ముక్కలు ఫిల్మ్‌కి అంటుకుని ఉంటాయి, పిల్లల కాళ్ల మీద పడవు.

ఇప్పుడు ఆ 40 కిలోల సంగతి. నిలువుటద్దాన్ని గోడకు ఊరికే వాల్చి పెట్టడం ఇప్పుడు ఫ్యాషన్. పిల్లలు గెంతే హాల్లో అది కుదరదు, పైగా ఎక్కువ వాలిస్తే డాన్స్ చేసేవాళ్లకు పాదాల బదులు సీలింగ్ ఫ్యాన్ కనపడుతుంది. అందుకే గోడకు దాదాపు నిటారుగా పెట్టి, పైన రెండు ఎల్ బ్రాకెట్లతో బిగించాం, బరువు మాత్రం నేలే మోస్తుంది. హాలు గోడ తేలిక బ్లాకులతో కట్టింది, అందులో మామూలు ప్లగ్గు కొడితే కొన్నాళ్లకు వదులవుతుంది. కాబట్టి కాంక్రీట్ పిల్లర్ ఉన్న చోటు వెతికి అందులోకి యాంకర్ ఫాస్టెనర్లు దింపాం. "అద్దం గోడ మధ్యలో ఎందుకు లేదు, ఒక పక్కకి ఎందుకుంది" అని అడుగుతున్న సభ్యులు దయచేసి గమనించగలరు. పిల్లర్ మధ్యలో లేదు.

గ్లాసుని మెట్ల మీదుగా ఎక్కించేటప్పుడు వాచ్‌మన్ అన్న చెప్పిన మాటే అందరూ విన్నారు: పడుకోబెట్టి మోయొద్దు, నిలబెట్టే పట్టుకోండి. అడ్డంగా మోస్తే గ్లాసు తన బరువుకి తనే విరుగుతుంది. మెట్ల మలుపు దగ్గర అందరికీ టెన్షన్ వచ్చింది కానీ గీత కూడా పడలేదు. సద్దుల బతుకమ్మ నాటికి అద్దం తయారైంది, ఆ సాయంత్రం దాని ముందు చీర కుచ్చిళ్లు సర్దుకోవడానికి క్యూ కట్టినవాళ్లలో "ఇంత ఖర్చా" అని జులైలో అన్నవాళ్లు కూడా ఉన్నారు. పేర్లు రాయడం లేదు.

కొత్త కమిటీకి అప్పగిస్తున్న పనులు ఇవి. ఆరు నెలలకోసారి బ్రాకెట్ల స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో చూడాలి, రంగు పోయిందా అన్నది ఆ తర్వాతి సంగతి. తుడిచేటప్పుడు క్లీనర్‌ని గ్లాసు మీద కాదు, గుడ్డ మీద కొట్టాలి. కిందికి కారిన నీళ్లు అంచులోకి వెళ్తే పూత పాడవుతుంది, ఈ మాట హౌస్ కీపింగ్ వాళ్లకు చెప్పాం, మళ్లీ మళ్లీ చెప్పాల్సి ఉంటుంది. హాల్లో క్రికెట్ బాల్, టెన్నిస్ బాల్, స్పాంజి బాల్ ఏదీ లేదు, "మెల్లగా ఆడతాం అంకుల్" కూడా చెల్లదు.

సెల్లార్ గోడకు కూడా ఒక కుంభాకార అద్దం పెట్టాలని, బండ్లు మలుపు తిరిగేటప్పుడు ఎదురొచ్చేవాళ్లు కనపడతారని ఇద్దరు సభ్యులు రాసిచ్చారు. దాన్ని జనరల్ బాడీ ఎజెండాలో చేర్చాం, అది మాత్రం రెడీమేడే కొందాం. మిగిలిన ఇత్తడి రంగు, నలుపు, సగం ట్యూబు సిలికాన్ మీటర్ రూమ్‌లో ఉన్నాయి, ఇంట్లో ఫ్రేములకు కావలసినవాళ్లు రిజిస్టర్‌లో రాసి తీసుకెళ్లండి, సిలికాన్ ట్యూబు మూత గట్టిగా పెట్టి తెచ్చి ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి, కమిటీ తరఫున