సరుగుడు రెమ్మ చూపి పైన్ అనొద్దు

సంపాదకులకు,

వివృతబీజాల (పైన్‌లా గింజలు కాయలో దాగకుండా బయటికే ఉండే మొక్కల) పాఠం రాగానే కొత్తపట్నం, రామాయపట్నం వైపు తోటల్లోంచి సరుగుడు రెమ్మ తెప్పించి "పైన్ ఇలాగే ఉంటుంది" అని చూపించే అలవాటు మన తీరం బడుల్లో ఉంది. అది తప్పు. సరుగుడు పూలు పూసే చెట్టు. దాని చిన్న గట్టి కాయ పైన్ శంకువులా కనిపించడంతోనే ఈ పొరపాటంతా.

ఒక సరుగుడు సూదిని రెండు చేతులా పట్టుకుని లాగి చూడండి. కణుపు దగ్గర టక్కున ఊడుతుంది. అంటే అది ఆకు కాదు, పచ్చటి పుల్ల. ఊడినచోట భూతద్దం పెడితే చుట్టూ చిన్న చిన్న పళ్లు కనిపిస్తాయి. అసలు ఆకులు అవే. మన పాత సరుగుడుకు కణుపుకు 6 నుంచి 8 ఉంటాయి, జుంగూనియానా అనే మరో సరుగుడు రకానికి 9 నుంచి 11. నారు కొనే రైతుకూ ఈ లెక్క పనికొస్తుంది. సంకర రకాలైతే దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

పైన్ సూదికి కణుపులుండవు, అది నిజంగా ఆకే. హిమాలయాల చిర్ పైన్‌లో మూడేసి సూదులు ఒక కట్టగా పుడతాయి. మూడిటినీ దగ్గరికి చేరిస్తే గుండ్రటి పుల్లలా అతుక్కుంటాయి. ఆ కట్ట ఒక పరిమిత శాఖ, అంటే పొడవు సాగని పొట్టి కొమ్మ; రాలేటప్పుడు కట్టంతా ఒకేసారి రాలుతుంది. పొడవు కొమ్మ మీద నేరుగా పుట్టేవి పొలుసాకులే.

రెండూ ఒకేలా కనిపించడానికి కారణం నీటి పొదుపు. పైన్ నీరు ఆవిరైపోయే తన పత్రరంధ్రాలను మందపాటి మైనపు పొర కిందికి దించుకుంది. సరుగుడు వాటిని పుల్ల గాడుల్లో, నూగు మాటున దాచుకుంది.

పైన్ దొరకదనుకుంటే నర్సరీల్లో క్రిస్మస్ చెట్టని అమ్మే అరకేరియా, తూజా ఉన్నాయిగా! అవి అసలైన శంకువృక్షాలు. అరకేరియా కొనేముందు నడినెత్తిన మొగ్గ ఉందో లేదో చూసుకోండి. పక్క కొమ్మను నాటి పెంచిన మొక్క వేళ్లూనినా అడ్డంగా సాగుతుందే తప్ప నిటారుగా లేవదు. తూజాలో పొలుసాకులు జతలు జతలుగా, పై జత కింది జతకు అడ్డంగా, పుల్లను అంటుకుని నాలుగు వరసల్లో ఉంటాయి. దాన్ని పచ్చదనం ఉన్నంతమేరకే కత్తిరించాలి. లోపలి ఆకుల్లేని గోధుమరంగు పుల్లదాకా కోస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు.

- వృక్షశాస్త్ర అధ్యాపకులు కొందరు, ఒంగోలు