నోటీసు గడువు తీరగానే తాళం వేసే హక్కు రాదు

సంపాదకులకు,

అయ్యా,

తిరుపతిలో కొర్లగుంట, బైరాగిపట్టెడ వంటి ప్రాంతాల్లో ఇళ్లు నోటిమాట మీదే బాడుగకు ఇవ్వడం మామూలు. చిక్కంతా ఖాళీ చేయించేటప్పుడే వస్తోంది. ఇటీవల మా వీధిలో ఒక కుటుంబాన్ని వారంలో వెళ్లిపొమ్మని నోటితో చెప్పి, ఆ వారం దాటగానే నీళ్ల మోటారు స్విచ్ ఉన్న గదికి తాళం వేశారు. బడికి వెళ్లాల్సిన పిల్లలు పొద్దున్నే పక్కింటి నుంచి బిందెలతో నీళ్లు మోశారు. యజమానికి ఇల్లు నిజంగానే అవసరమై ఉండవచ్చు. అయినా ఆయన ఎంచుకున్న దారి చట్టం ఒప్పేది కాదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం గానీ స్థానిక చట్టం గానీ లేనప్పుడు, నివాస గృహాన్ని నెలవారీ బాడుగకు ఇచ్చినట్టే లెక్క. దాన్ని ముగించదలచిన వారు రాతపూర్వకంగా, సంతకం చేసి, 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ గడువు నోటీసు అందిన రోజు నుంచి మొదలవుతుంది. నోటీసును పోస్టులో పంపవచ్చు, బాడుగదారుకో ఇంట్లోవారికో అందజేయవచ్చు, అది కుదరకపోతే ఇంటికి కనిపించేలా అతికించవచ్చు.

చాలామంది పొరబడుతున్నది ఇక్కడే. గడువు తీరినా బాడుగదారు కదలకపోతే యజమాని న్యాయస్థానానికి వెళ్లాలే తప్ప, సామాను బయట పెట్టడానికి, కరెంటు తీసేయడానికి వీల్లేదు. అలా బలవంతంగా వెళ్లగొట్టిన వ్యక్తి 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేసి ఇంటి స్వాధీనం తిరిగి పొందవచ్చు.

యజమానుల కష్టమూ తక్కువది కాదు. పదవీ విరమణ చేసి, ఆ బాడుగ మీదే బతుకుతున్న వారికి నెలల తరబడి డబ్బు ఎగ్గొట్టేవారు తగిలితే కోర్టు చుట్టూ తిరగడం భారమే. బాడుగ చెల్లించకపోవడం, అనుమతి లేకుండా మరొకరికి ఇల్లు అప్పగించడం, ఇంటిని పాడుచేయడం, యజమానికి సొంత నివాసం అవసరం కావడం వంటి కారణాలను మన రాష్ట్రంలో అద్దె చట్టమే గుర్తించింది. కారణం ఉన్నవారు బాడుగ రసీదులు, రాతపూర్వక ఒప్పందం దగ్గర ఉంచుకుంటే వారి పనీ సులువవుతుంది.

వార్డు సచివాలయాల్లో ఈ నోటీసు నిబంధనలను తెలుగులో బోర్డు మీద ఉంచాలని నగరపాలక సంస్థను, ఉచిత న్యాయ సహాయం ఎవరెవరికి అందుతుందో బస్తీల్లో తెలియజెప్పాలని జిల్లా న్యాయసేవాధికార సంస్థను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తిరుపతి.