ఇంటిపేరు ముందుండే వాళ్ల కోసం ఒక మనవి

మహారాష్ట్ర సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గడ్చిరోలి జిల్లా సిరొంచలో 11 ఏళ్లుగా ఊరివాళ్లకు ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెడుతున్నాను. ప్రాణహిత ఒడ్డున ఉన్న మా ఊళ్లో చాలా ఇళ్లలో మాట తెలుగు, కాగితం మరాఠీ.

మొన్న ఒక అమ్మాయి కుల ధ్రువీకరణ పత్రం కోసం వచ్చింది. ఫారంలో పేరుకు మూడు గడులు: సొంత పేరు, తండ్రి లేదా భర్త పేరు, చివర ఇంటిపేరు. మరాఠీ వాళ్లకు అది చిన్ననాటి నుంచి నోటికి అలవాటైన వరస. మాకు ఇంటిపేరే ముందు. తండ్రి పేరు చాలామందికి పేరులో భాగమే కాదు. ఫోనులో తానే ఫారం నింపుకుంటూ, మొదటి గడిలో ఆమె ఇంటిపేరు రాసింది. దరఖాస్తు తిరిగొచ్చింది. కారణం: ‘వివరాలు సరిపోలలేదు’. ఏ వివరం? దేనితో? ఒక్క ముక్క లేదు. కాలేజీ గడువు నాలుగు రోజులే ఉంది. "తప్పు నాదే అన్నా, నాకే అర్థం కాలేదు" అంటూ కళ్లు తుడుచుకుంది. ఆ మాట నన్ను ఇంకా కలచివేస్తోంది.

లిపితో ఇంకో చిక్కు. మా ఎ, ఏ రెండింటికీ మరాఠీలో ఒకటే అక్షరం. ఒ, ఓ లకూ అంతే. ఎల్లయ్య ఏల్లయ్య అవుతాడు, బ్యాంకు పుస్తకంలోని పేరుతో కలవడు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా బీ-17 విమానాలు క్షేమంగా దిగాక కూడా పైలట్లు పొరపాటున చక్రాలు ముడిచేసేవారు. అందరూ వాళ్లనే తప్పుపట్టారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్ చూశాడు. చక్రాల మీట, ఫ్లాపుల (రెక్కల వెనుక అంచున కదిలే పలకల) మీట పక్కపక్కనే ఒకే తీరుగా ఉన్నాయి. ఒకదానికి చిన్న రబ్బరు చక్రం, రెండోదానికి రెక్కలాంటి ముక్క తగిలించారు. తడిమితే చాలు, ఏది ఏదో చేతికే తెలిసింది.

మా ఫారాన్ని కూడా ఎవరైనా అలా చూడాలని అడుగుతున్నాను. ఆధార్‌లో ఉన్న పేరు ఉన్నట్టే రాసే ఒకే గడి పెట్టించండి. తప్పు ఏ గడిలో ఉందో, ఎలా దిద్దాలో ఆ గడి పక్కనే, తెలుగులో కూడా చెప్పించండి. సిగ్నల్ పోతే నింపినదంతా చెరిగిపోకూడదు. మా దగ్గర అది రోజూ పోతుంది.

కొత్త ఫారం విడుదలకు ముందు ఇంజనీరు ఒకరిని రెండు రోజులు సిరొంచకు పంపండి. నా పక్కన కుర్చీ వేస్తాను. వచ్చినవాళ్ల వేలు ఏ గడి దగ్గర ఆగిపోతుందో ఆయనే చూస్తారు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ ఆపరేటర్, సిరొంచ