పార్కుకు టికెట్టు ఎవరిని అడిగి పెట్టారు?

సంపాదకుల వారికి,

పట్టణాల్లోని పార్కులను ప్రైవేటు భాగస్వామ్యంతో అభివృద్ధి చేస్తారని గత వారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి మనసు కుదుటపడక ఈ లేఖ రాస్తున్నాను. ఆ అభివృద్ధి ఎలా ఉంటుందో మా పట్టణంలో ఏడాదిగా చూస్తున్నాము. పార్కును లీజుకిచ్చి మనిషికి 20 రూపాయల టికెట్టు పెట్టారు. సాయంత్రం పూట పింఛనుదారులం కూర్చునే వేపచెట్టు కింది సిమెంటు బల్లలు పెరికించి, అక్కడ తినుబండారాల దుకాణం కట్టారు. గేటు దగ్గర ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్ముకొనే ఆమె చేత గంప ఎత్తించి రోడ్డు అవతలికి పంపేశారు. వీధి వ్యాపారులు ఎవరెవరో సర్వే పూర్తికాకుండా వారిని తొలగించరాదని 2014 నాటి చట్టం చెబుతున్నా, ఆమెకు ఆ మాట చెప్పినవారే లేరు. ఇద్దరు పిల్లలతో తల్లి లోపలికి పోవాలంటే 60 రూపాయలు కావాలి గనుక, కూలీల పిల్లలు ఊచలు పట్టుకొని బయటి నుంచే ఉయ్యాలలు చూస్తున్నారు. ఆ దృశ్యం చూసి నేను ఆ దారిన నడవడమే మానుకున్నాను.

నిర్వహణకు నిధులు లేవంటున్నారు. మరి మేము ఏటా కడుతున్న ఇంటి పన్ను దేనికి? పార్కులు, ఆటస్థలాల ఏర్పాటును 74వ రాజ్యాంగ సవరణ పురపాలికల పనుల్లో చేర్చింది. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే తీర్పు చెప్పింది. లక్నోలో ఒక పార్కు కింద దుకాణాల సముదాయం కడుతుంటే, దాన్ని కూల్చి పార్కును మునుపటిలా చేయాలని 1999లో ఆదేశించింది. ఇవన్నీ రాసి ఒక సోమవారం అధికారులకు అర్జీ ఇస్తే, ఎవరూ వచ్చి చూడకుండానే పదిహేను రోజులకు ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. అధికారులు బదిలీ అయి వెళ్లిపోతారు, సంతకం చేసిన ఒప్పందంతో మేమే బతకాలి. లేఅవుట్లలో అందరి కోసం వదిలిన ఖాళీ స్థలాలకు కూడా రేపు ఇదే గతి పడుతుందన్నది మా భయం.

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు ఏటా లక్షలాది మంది కులమతాలు చూడకుండా వచ్చి, నీళ్లలో నిలబడి ఒకరి రొట్టె ఒకరు పుచ్చుకొనే జిల్లా ఇది. అటువంటి చోట పిల్లవాడు ఉయ్యాల ఎక్కడానికి జేబు చూడడం మాకు తలవంపులుగా ఉంది.

లీజు ఎన్నేళ్లకు, ఎంత మొత్తానికి ఇచ్చారో, టికెట్టు ధర ఎవరు నిర్ణయించారో ఆ గేటుకే తెలుగులో బోర్డు కట్టాలి. వార్డు ప్రజలను పిలిచి సభ పెట్టి, ఒప్పందాన్ని అందరి ముందూ చదివి వినిపించాలి. వేపచెట్టు ఇంకా అక్కడే ఉంది, దాని కిందికి మా బల్లలు తిరిగి తెప్పించాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు జిల్లా