పాత సీటు ఏమైంది?

చి.ల.సౌ. స్వాతికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మొన్నటి వానకి పెరటిగోడ ఒరిగింది. బాబ్జీ మేస్త్రీని పంపుతానని నాలుగు రోజులుగా అంటూనే ఉన్నాడు. ఆవకాయ ఇంకా అందలేదేమని అడిగావట. మీ అమ్మ ఇంకా ప్యాకింగే చేయించలేదు, అందడానికి.

ఆదివారం వీడియోలో బుడ్డోణ్ణి కారెక్కిస్తుంటే వెనక పిల్లల సేఫ్టీ సీటు కొత్తది కనబడింది. నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. వెనక్కీ ముందుకీ తిప్పి వాడుకునే కన్వర్టబుల్ సీటే అనుకుంటాను. మంచిదే. కానీ పాతది 30 పౌండ్ల దాకా వస్తుందని నువ్వే అన్నావు. వాడు 21 కూడా లేడు. పొడుగు పెరిగి తల సీటు అంచుకి అంగుళం దాకా వచ్చేసుంటే బరువుతో పనిలేకుండా మార్చాల్సిందేనట. అదే అయ్యుంటుందని మీ అమ్మ అంటోంది. అయ్యుండొచ్చు.

పాఠం చెప్పనని మీ అమ్మకి మాటిచ్చి కూర్చున్నాను గానీ, ముప్ఫై రెండేళ్ళ అలవాటు. రెండో పుట్టినరోజు అయిందని వాణ్ణి ముందుకి తిప్పెయ్యకండి. కారు ఠక్కున ఆగితే పట్టీలు భుజాల్ని ఆపుతాయి, తల మాత్రం పోతూనే ఉంటుంది. ఆ లాగుడంతా మెడ మీదే. వెనక్కి తిరిగి కూర్చుంటే తలా వీపూ కలిసి సీటుకి ఒత్తుకుంటాయి. అందుకే అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ 2018లో రెండేళ్ళన్న లెక్క తీసేసి, సీటు ఒప్పుకునే బరువో ఎత్తో దాటేదాకా వెనక్కే ఉంచమంది. చాలా సీట్లకి అది 40 పౌండ్లు, కొన్నిటికి 50. కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడని మీ అత్తగారు బాధపడతారు. పడనీ. చలికోటు మీద పట్టీలు బిగించకు, బిగించాక కోటు పైన కప్పు. భుజం దగ్గర పట్టీని గిల్లి చూడు, మడత చేతికి దొరికితే వదులే. రెండు పట్టీల్నీ కలిపే క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలి, పొట్ట మీద కాదు. వీడియోలో కాస్త కిందికే ఉన్నట్టనిపించింది.

సుందరత్త మనవడు కూడా మీ ఫ్రిస్కోలోనే ఉన్నాడు కదా. సిగ్నల్ దగ్గర మీ కారుని వెనకనుంచి ఎవరో గుద్దారని అన్నాడట. అత్తకి సగం వినపడదు, మిగతా సగం తనే కల్పిస్తుంది. నేను నమ్మలేదు.

నీ కనుబొమ్మ మీద మచ్చ గడప తగిలి అయిందని చెబుతూ వచ్చాం. అది గడప కాదు. నీకు పది నెలలు. ప్రసాద్ బాబాయి పెళ్ళి మాటలకి పెదనాన్న అంబాసిడర్‌లో గుంటూరు బయల్దేరాం. వెనక మీ అమ్మ, అత్తలు, పిల్లలు, వాళ్ళ కాళ్ళ దగ్గర ఒక అరటిగెల. ముందు నేను, నా ఒళ్ళో నువ్వు. నువ్వు కిటికీ అద్దాన్ని నాకుతుంటే వారించి వారించి వదిలేశాను. నారాకోడూరు దాటాక గేదె అడ్డమొచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. నిన్ను గట్టిగానే పట్టుకున్నాను. అప్పటికి తొమ్మిదేళ్ళుగా న్యూటన్ సూత్రాలు చెబుతున్నవాణ్ణి. ఎనిమిది కిలోలు లేవు నువ్వు, నా చేతుల్లోంచి జారి డాష్‌బోర్డుకి తగిలావు. మూడు కుట్లు. ఇంటికొచ్చి మామ్మకి గడప అని చెప్పాం, అదే నిలిచిపోయింది. మామ్మ పాపం వడ్రంగిని పిలిపించి ఆ గడప అంచంతా చిత్రిక పట్టించింది.

ఊరికే చదివాను, ప్రమాదం జరిగాక సీటు మార్చాలా వద్దా అని అక్కడి హైవే సేఫ్టీ వాళ్ళు ఐదు విషయాలు చూడమన్నారు. కారు నడుపుకుంటూ వెళ్ళగలిగారా, సీటు దగ్గరి తలుపు బాగానే ఉందా, ఎవరికీ దెబ్బ తగల్లేదా, ఎయిర్‌బ్యాగులు విచ్చుకోలేదా, సీటుకి కంటికి కనబడే పగులేమీ లేదా. ఐదూ సరిగ్గా ఉంటే చిన్న దెబ్బ కింద లెక్క, మార్చనక్కర్లేదట. మీరు మార్చారు.

పాతది ఎవరికీ ఇవ్వకండి, పట్టీలు కత్తిరించి పారేయండి. కొత్తదానితో వచ్చిన రిజిస్ట్రేషన్ కార్డు పంపించండి, ఏదైనా లోపం బయటపడితే వాళ్ళే కబురు చేస్తారు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించలేదు. ఆ ఐదింటిలో ఏది తప్పిందో రాయి. మూడోది కాదు కదా?

నాన్న