ఇళ్లను పరీక్షించే వారికి లైసెన్సు ఉండాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. హైదరాబాదులో ఫ్లాటు కొనేవారిలో కొందరు ఇప్పుడు లాయరు చేత పత్రాలు చూపించుకోవడంతో ఆగకుండా, ఇంటిని కూడా ఒక నిపుణుడి చేత పరీక్ష చేయిస్తున్నారు. జీవితకాలపు కష్టార్జితాన్ని ఒక్క సంతకంతో ధారపోసేవారికి ఇది ఎంతో అవసరమైన జాగ్రత్త. అయితే ఈ పని చేసే హోమ్ ఇన్‌స్పెక్టర్లకు మన దేశంలో లైసెన్సు అన్నదే లేదు. చెమ్మను కొలిచే మీటరు ఒకటి, థర్మల్ కెమెరా ఒకటి కొనుక్కుని, విజిటింగ్ కార్డు అచ్చు వేయించుకున్న వారెవరైనా రేపే ఈ వృత్తిలోకి దిగవచ్చు. ఈ పరిస్థితిని మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు, రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే రెరా సంస్థలు ఇక ఉపేక్షించకూడదని విన్నవించడానికే ఈ లేఖ.

ఇంటి క్రయవిక్రయాలలో పాలుపంచుకునే మిగతావారికి ఏదో ఒక కట్టుబాటు ఉంది. రెరాలో నమోదైన ప్రాజెక్టులో ఫ్లాటు అమ్మిపెట్టే ఏజెంటు 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం తొమ్మిదో సెక్షన్ కింద తానూ నమోదు కావాలి. కంపెనీల చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆస్తులకు విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యుయర్ కావాలంటే శిక్షణ పొంది పరీక్ష రాయాలి. ఆర్కిటెక్టులకు 1972 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. ఆఖరికి వైరింగు చేయించే కాంట్రాక్టరుకు కూడా లైసెన్సు కావాలి. ఇల్లు బాగుందో లేదో చెప్పే మనిషి అర్హత ఏమిటని మాత్రం అడిగే నాథుడు లేడు. బ్యాంకు ఇంజినీరు వచ్చి చూశాడు కదా అని చాలామంది ధైర్యపడతారు గానీ, ఆయన చూసేది తమ అప్పుకు ఆ ఆస్తి విలువ సరిపోతుందా లేదా అన్నది. మునిసిపాలిటీ ఇంట్లో నివసించడానికి అనుమతినిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు చూసేది అనుమతి పొందిన ప్లాను ప్రకారం కట్టారా లేదా అన్నది. బాత్రూం కింద నీరు ఊరుతోందా అన్న సంగతి ఆ ఇద్దరికీ పట్టదు.

నేను సివిల్ ఇంజినీరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. బంధువులు, స్నేహితులు కొనబోయే ఇళ్లను చూసిపెట్టమని పిలుస్తుంటే వెళుతూ ఉంటాను కాబట్టి, ఈ పని పైకి కనిపించేంత తేలిక కాదని చెప్పగలను. టైల్సును నాణెంతో తట్టుకుంటూ పోతే, కింద సిమెంటు సరిగా పట్టని చోట డొల్ల శబ్దం వస్తుంది. బాత్రూంలో ఒక బకెట్టు నీళ్లు కుమ్మరిస్తే అవి నీళ్లు బయటికి పోయే నహనీ ట్రాపు వైపు పోతున్నాయో, గుమ్మం వైపు వస్తున్నాయో తెలుస్తుంది. ఇవి ఎవరికైనా నేర్పవచ్చు. కష్టమంతా పగుళ్ల దగ్గర ఉంది. ప్లాస్టరింగు మీద సాలెగూడులా అల్లుకున్న సన్నని నెర్రెలకూ, ఇటుక గోడ కాలమ్‌ను కలిసే చోట నిలువుగా వచ్చే చీలికకూ సాధారణంగా భయపడనక్కర్లేదు. బీము చివర ఏటవాలుగా వచ్చిన పగులు, లోపలి ఇనుప చువ్వ వెంబడే సాగి తుప్పు మరకలు కక్కుతున్న పగులు మాత్రం వెంటనే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవవలసిన సంకేతాలు. ఈ తేడా తెలియనివాడు మంచి ఇంటిని వదులుకునేలా చేయగలడు, ప్రమాదకరమైన ఇంటిని కొనిపించనూ గలడు. ఆ చూపు అనుభవజ్ఞుడి వెంట ఇళ్లు తిరిగితేనే వస్తుంది.

నాకు తెలిసిన ఒక కుటుంబం ఇటీవల పాత ఫ్లాటు కొన్నది. ఇన్‌స్పెక్టరును ఏర్పాటు చేసినది, ఆ ఫ్లాటు చూపించిన మధ్యవర్తే. రంగు ఫోటోలతో దళసరి నివేదిక వచ్చింది, అందులో ఎక్కడా చెమ్మ లేదని రాసి ఉంది. తొలి వానలకే పడకగది గోడకు కొత్తగా వేసిన రంగు పొక్కులు కట్టింది. గోడ వెనుక ఉన్నది పైఅంతస్తుల పైపులు దిగే షాఫ్టు. కబురు పెడితే అదే ఇన్‌స్పెక్టరు వచ్చి, తన మనుషుల చేతనే వాటర్ ప్రూఫింగ్ చేయిస్తానని కొటేషన్ చేతిలో పెట్టాడు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చునన్న మాట నిజమే. కానీ ఇన్‌స్పెక్టరు తప్పక చేయవలసిన పరీక్షలు ఏవో చెప్పే ప్రమాణమే లేనప్పుడు, అతను చేసింది సేవాలోపమని నిరూపించడం ఎంత కష్టమో ఆలోచించండి.

రియల్ ఎస్టేట్ చట్టం కొనుగోలుదారుకు కొంత రక్షణ ఇచ్చింది. సెక్షన్ 14(3) ప్రకారం ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం గానీ, పనితనంలో లోపం గానీ బయటపడితే, కొనుగోలుదారు ఆ సంగతి చెప్పిన నాటి నుంచి 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి. ఆ హక్కును వాడుకోవాలంటే లోపం ఏమిటో, దానికి కారణం ఏమిటో నమ్మదగిన నివేదిక కావాలి. అంతేకాక 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 600 గజాలకు మించని స్థలంలో కట్టినవి, ఎనిమిది ఫ్లాట్లకు మించనివి రెరా నమోదు పరిధిలోకే రావు. మన కాలనీలలోని చిన్న అపార్టుమెంట్లు ఎక్కువగా ఈ కోవలోవే. మధ్యతరగతి వారు కొనేది వాటినే, చేతులు మారిన పాత ఫ్లాట్లనే. ఇన్‌స్పెక్టరు అవసరం అందరికంటే వారికే ఎక్కువ.

మనవాళ్లు వేల సంఖ్యలో స్థిరపడిన టెక్సస్‌లో లైసెన్సు లేనివారు ఈ పని చేయకూడదు. అక్కడి రియల్ ఎస్టేట్ కమిషనే లైసెన్సు ఇస్తుంది, నివేదిక నమూనానూ అదే నిర్ణయిస్తుంది. పునాది, కప్పు, కరెంటు, నీటి పైపులు ఇలా ప్రతి అంశానికీ ఎదురుగా నాలుగు గళ్లు ఉంటాయి: పరీక్షించాను, పరీక్షించలేదు, ఇంట్లో లేదు, లోపం ఉంది. చూడని దానిని చూడలేదని రాయక తప్పదు. ఆ ఒక్క గడి మన దగ్గర ఉన్నా ఎన్నో మోసాలు ఆగుతాయని నా నమ్మకం. తప్పు జరిగితే కొనుగోలుదారు నష్టపోకుండా అక్కడి ఇన్‌స్పెక్టరు కనీసం లక్ష డాలర్ల బీమా చేయించుకోవాలి. న్యూయార్క్ రాష్ట్రంలో 140 గంటల శిక్షణ ఉంటే, అందులో 40 గంటలు లైసెన్సు ఉన్న ఇన్‌స్పెక్టరు సమక్షంలో నిజమైన ఇళ్లలో గడపాలి. కాలిఫోర్నియాలో లైసెన్సు లేదు గానీ, తాను పరీక్షించిన ఇంటికి ఏడాది లోపు డబ్బు తీసుకుని మరమ్మతు చేయడాన్ని చట్టం నిషేధించింది.

లైసెన్సు పెడితే లంచాలు పెరుగుతాయని, ఫీజులు పెరుగుతాయని కొందరు అంటారు. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. అందుకే లైసెన్సు అధికారి విచక్షణ మీద కాక రాతపరీక్ష, పర్యవేక్షణలో చేసిన క్షేత్ర శిక్షణ మీద ఆధారపడాలి. డిగ్రీ ఉన్నవారికే పరిమితం చేయకూడదు. డిప్లొమా చదివినవారికి, పాతికేళ్లు సైట్లలో పనిచేయించిన సూపర్‌వైజర్లకు కూడా తెలుగులో పరీక్ష రాసే వీలు కల్పించాలి. పరీక్షించిన ఇంటికి మరమ్మతు పని ఒప్పుకోవడం, బిల్డరు నుంచి గానీ ఏజెంటు నుంచి గానీ కమిషన్ పుచ్చుకోవడం లైసెన్సు రద్దుకు కారణాలు కావాలి.

కొనుగోలుదారుల ప్రయోజనాల రక్షణకు ప్రభుత్వానికి సిఫార్సులు చేసే బాధ్యతను రియల్ ఎస్టేట్ చట్టంలోని 32వ సెక్షన్ రెరాకే అప్పగించింది. మహారాష్ట్ర రెరా 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెరా సంస్థలు ఇన్‌స్పెక్టర్ల విషయంలోనూ అటువంటి నిబంధన తేవాలన్న సిఫార్సును తమ ప్రభుత్వాలకు పంపాలి. నిబంధనలు వచ్చేలోపు, తమ వద్ద నమోదైన బిల్డర్లు, ఏజెంట్లు ఏ ఇన్‌స్పెక్టరును సూచించినా, అతనితో తమకు డబ్బు సంబంధం ఉన్నదీ లేనిదీ కొనుగోలుదారుకు రాతపూర్వకంగా తెలపాలని ఇప్పుడే ఆదేశించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు,
హైదరాబాదు